టెన్త్‌కి వస్తే బరువులెత్తడం మాన్పించాలా?

విజయనగరం నాన్న:
మా అమ్మాయి తొమ్మిది చదువుతోంది. మూడేళ్లుగా సాయంత్రాలు వెయిట్‌లిఫ్టింగ్‌కి వెళ్తోంది. వచ్చే ఏడు టెన్త్ కదా, మాన్పించెయ్యమని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబట్టారు. పిల్లేమో అన్నం మానేసి కూర్చుంది. ఆటతో వచ్చే గుణం మార్కుల కంటే ఎక్కువంటారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పలాస కబడ్డీ:
మాన్పించెయ్యండి సార్. నేను కబడ్డీలో జిల్లా జట్టు దాకా వెళ్లాను. మోకాలు పోయింది, ఇంటర్ పోయింది. స్పోర్ట్స్ కోటా కోసం చూసి చూసి వయసు దాటిపోయింది. కరణం మల్లీశ్వరి లాంటివాళ్లు లక్షల్లో ఒకరు. మిగతావాళ్లని ఎవరడుగుతారు?

నెల్లిమర్ల ఆడపడుచు:
కబడ్డీ అన్నయ్యా, ఆ మిగతావాళ్లలో నేనూ ఉన్నాను. ఆరేళ్లు బరువులెత్తాను, రాష్ట్ర స్థాయిలో ఒక్క పతకం రాలేదు. ఇప్పుడు నర్సుని.

మాకు దగ్గర్లోనే కొండవెలగాడ. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. మా వైపు ఆడపిల్ల బరువులెత్తడం వింత కాదు. అయినా నా అరచేతుల్లో కాయలు చూసి మా అమ్మ "ఏటే ఈ చేతులు, రేపు నిన్నెవులు చేసుకుంటారు" అని ఏడ్చేది.

మా మాస్టారు మొదట నేర్పింది ఎత్తడం కాదు, వదలడం. ఒట్టి కర్ర చేతికిచ్చి, పట్టు తప్పుతోందంటే ముందుకి వదిలేసి వెనక్కి అడుగెయ్యమనేవారు. నెల రోజులు అదే పని. ఆ తర్వాతే 15 కిలోల రాడ్డు.

పోటీలో స్నాచ్‌కి, అంటే బరువుని ఒకే ఊపులో తల పైకి ఎత్తడానికి, మూడు ప్రయత్నాలు. క్లీన్ అండ్ జర్క్‌కి, అంటే ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి ఎత్తడానికి, మూడు. ఒకసారి నాకు స్నాచ్‌లో మూడూ పోయాయి. అలా పోతే ఇక రెండూ కలిపిన మొత్తం లెక్కకే రాదు. తిరుగు బస్సులో ఎవరికీ మొహం చూపించలేదు. మర్నాడు మాస్టారు ఒక్క మాట అనలేదు. నా పాదం ఎక్కడ పడిందో, ఎక్కడ పడాలో నేల మీద సుద్దతో గీశారు. లెక్కల పరీక్ష తప్పినప్పుడు నాకు అలా గీసి చూపించినవాళ్లు లేరు.

ఇవాళ వార్డులో పసిపిల్లకి నరం దొరక్కపోతే నా చెయ్యి వణకదు. ఆగుతాను, ఎక్కడ తప్పిందో చూసుకుంటాను, మళ్లీ మొదలుపెడతాను. అది ఆ సుద్దగీత దగ్గర నేర్చుకున్నదే.

మల్లీశ్వరి గారి మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆవిడ ఎత్తింది స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గర ఆగాయి. ఆఖరి ప్రయత్నానికి ఆవిడ స్వర్ణం కోసం ఏకంగా 137.5 వేయించారు. నిలవలేదు. కాంస్యం అందరికీ గుర్తే, నాకు మాత్రం ఆ 137.5 ఎక్కువ గుర్తు.

పలాస కబడ్డీ:
మీకు మంచి మాస్టారు దొరికారమ్మా. నాకు మోకాలు వాచిపోయినా కట్టు కట్టించి ఆడించారు. ఆట తప్పు కాదేమో గానీ, ఆడించేవాళ్లెవరో చూసుకోకుండా పిల్లల్ని పంపకూడదని ఇప్పటికీ అంటాను.

నెల్లిమర్ల ఆడపడుచు:
అది ఒప్పుకుంటానన్నయ్యా. నాన్నగారూ, పరీక్షలప్పుడు వారానికి మూడు రోజులు చెయ్యండి, పూర్తిగా ఆపకండి. మీరు మాత్రం ఒకసారి లోపలికి వెళ్లి, బరువు కింద పడినప్పుడు మాస్టారు పిల్లతో ఏం మాట్లాడుతున్నారో వినండి.

విజయనగరం నాన్న:
మూడేళ్లలో ఒక్కసారీ లోపలికి వెళ్లలేదమ్మా. గేటు దగ్గర దింపేసి వచ్చేసేవాణ్ణి. రేపు వెళ్తాను.