అప్‌డేట్: వేడి ఆవిర్లకు హోమియో మందు వాడి చూశాక

మెనోపాజ్ వేడి ఆవిర్లకు లాకెసిస్ అనే హోమియో మందు పనిచేస్తుందా అని మూడు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. ఆరు వారాలు 30సి మాత్రలు వాడినా, అర్ధరాత్రి మెడ వెనుక నుంచి సెగ లేచి, జాకెట్టు తడిసి ముద్దయి, మరుక్షణమే చలి పుట్టడం తగ్గలేదు. 30సి అంటే నూరింట ఒక వంతుగా ముప్పైసార్లు పలుచన చేసినదనీ, అసలు పదార్థం అందులో దాదాపు మిగలదనీ తెలిశాక మానేశాను. బ్లాక్ కోహోష్ అనే మూలికా మందు సీసా కూడా తెప్పించుకున్నాను గానీ, దానివల్ల అరుదుగా కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయని గైనకాలజిస్టు చెప్పడంతో మూత తీయలేదు. 2023లో ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ సోయాను సిఫారసు చేయలేదనీ, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని (ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సను) సిఫారసు చేసిందనీ ఆవిడే వివరించారు. థైరాయిడ్ పరీక్ష మామూలుగానే ఉంది. సాయంత్రం కాఫీ మానేయడం, పలుచని నూలు దుప్పటి నాకు కొంత ఊరటనిచ్చాయి. వచ్చే వారం హార్మోన్ చికిత్స గురించి ఆవిడతో మాట్లాడబోతున్నాను.