పది నెలల బాబు అమ్మమ్మ దగ్గర: రెండేళ్లు నిండాక తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: అమ్మానాన్నలకు బెంగళూరులో ఉద్యోగాలు. పది నెలల బాబు విజయవాడలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. రెండేళ్లు నిండాక తీసుకెళ్దామని వాళ్ల ఆలోచన. రేపు పెద్దయ్యాక స్నేహాలు, కాపురం మీద దీని ప్రభావం ఉంటుందా? (ముగ్గురు జవాబిచ్చారు. పేర్లకు బదులు వాళ్ల పేటల పేర్లు ఇచ్చాం.)

సత్యనారాయణపురం: ఉంటుంది. ఆగొద్దనే నా మాట. భయమేస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో బిడ్డ తేల్చుకునేది ఆరేడు నెలల నుంచి రెండేళ్ల లోపే. అమెరికాలోని మిన్నెసోటాలో 1970లలో మొదలైన పరిశీలన చూడండి. ఏడాది వయసులో తల్లి దగ్గర నిశ్చింతగా ఉన్న పిల్లలు బడిలో తోటివాళ్లతో బాగా కలిశారు, పదహారేళ్లకు గట్టి స్నేహాలు చేశారు, ఇరవైల్లో భాగస్వామితో మాటా మాటా వచ్చినప్పుడు కోపం, చిరాకు తక్కువ చూపారు.

బ్రాడీపేట: అక్కడ ప్రభావం మెట్టు మెట్టుగా వెళ్లిందండీ. బడిలో, స్నేహాల్లో, ఏ మెట్టు దగ్గరైనా దారి మారొచ్చు. ఇక తల్లి ఎడబాటు గురించి 1951లో బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిన నివేదిక ప్రధానంగా ఇల్లూ వాకిలీ కోల్పోయిన పిల్లల గురించి. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో పరిశీలించిన 136 మందీ సంరక్షణాలయాల పిల్లలు. షిఫ్టు షిఫ్టుకీ ఆయాలు మారేవాళ్లు. వాళ్లలో రెండేళ్ల లోపు పెంపుడు ఇళ్లకు వెళ్లినవాళ్లు బాగా కోలుకున్నారు. కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసి, ఉగ్గు పెట్టి, జోకొట్టే అమ్మమ్మ ఉన్న బిడ్డను ఆ జాబితాలో కలపడం అన్యాయం.

పటమట: అమ్మా, అమ్మమ్మా అని వాదించుకుంటే అసలు ప్రమాదం కనపడదు. అది బిడ్డ చేతులు మారే ఆ కొన్ని వారాల్లో ఉంది. అమ్మమ్మ దగ్గర నిశ్చింతగా ఉన్నాడంటే ఆమెను పోగొట్టుకున్నప్పుడు దుఃఖం కూడా అంతే ఉంటుంది. ముందు గట్టిగా ఏడుస్తాడు, తర్వాత తిండి మానేసి నీరసిస్తాడు, ఆ తర్వాత చప్పుడు చేయడు. ఇంట్లోవాళ్లు "అలవాటు పడ్డాడులే" అనుకునేది సరిగ్గా ఆ మూడో దశనే!

ముందు తల్లిదండ్రులే ఇక్కడికి వచ్చి రెండు వారాలైనా ఉండాలి. మొదట ఆట, తర్వాత అన్నం, స్నానం తల్లి చేతికి రావాలి. నిద్రపుచ్చడం అన్నిటికన్నా చివర, ఎందుకంటే నిద్రమత్తులో, జ్వరంలో బిడ్డ పాత మనిషినే వెతుక్కుంటాడు. తర్వాత అమ్మమ్మ కూడా బెంగళూరు వెళ్లి కొన్నాళ్లుండాలి. వాడి దుప్పటి ఉతక్కుండా పట్టుకెళ్లండి, ఆ వాసన వాడికి తెలుసు. నిద్రపోతుంటే చెప్పకుండా రైలెక్కే పద్ధతి మాత్రం వద్దు. లేచాక మనిషి కనపడకపోతే ఆ రోజు నుంచి నిద్రపోవడానికే భయపడొచ్చు. ఏడ్చినా సరే, చెప్పి వెళ్లాలి.

సత్యనారాయణపురం: ఇద్దరికీ ఒకేసారి రెండు వారాల సెలవు దొరకడం కష్టం.

పటమట: వంతులవారీగా రండి. ఒకరు వెళ్లే ముందు రెండోవాళ్లు రావాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు.

బ్రాడీపేట: తీసుకెళ్లాక అమ్మమ్మతో రోజూ వీడియో కాల్ ఉండాలి. "ఏడుస్తాడు, చూపించొద్దు" అని ఆపేసేవాళ్లే ఎక్కువ. ఆ ఏడుపు మంచిదే, బంధం తెగలేదన్నమాట.

సత్యనారాయణపురం: ఒప్పుకుంటాను. కానీ ఇవన్నీ రెండేళ్లకు చేసేకన్నా ఇప్పుడే చేయొచ్చుగా? రేపు అమ్మమ్మకే ఒంట్లో బాగాలేకపోతే తొందరలో లాక్కెళ్తారు, అప్పుడు ఈ రెండు వారాలూ ఉండవు.

పటమట: ఆ మాట నిజం. ఎప్పుడు తీసుకెళ్లినా రెండు గమనించండి. మూడు నెలలు దాటాక కూడా దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికీ రాకపోయినా, ముక్కూ మొహం తెలియనివాళ్లు పిలిచినా జంకు లేకుండా చంకెక్కేసినా "బుద్ధిమంతుడు" అని మురిసిపోకండి, పిల్లల డాక్టరుకు చూపించండి.