మద్యం మాన్పించడానికి టీఎంఎస్ చికిత్స: ఎంతవరకు నమ్మవచ్చు?

గోదావరి గట్టు:
నమస్కారం. మా తమ్ముడు చాలా ఏళ్లుగా మద్యానికి బానిసయ్యాడు. డీఅడిక్షన్ సెంటర్‌లో ఉండి వచ్చిన ప్రతిసారీ కొద్ది వారాలకే మళ్లీ మొదలుపెడుతున్నాడు. పొద్దున్నే ఒక గుక్క పడకపోతే టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకోవలసి వస్తోంది. తలపై అయస్కాంత తరంగాలు పంపే టీఎంఎస్ చికిత్సతో మందు మీద యావ పూర్తిగా పోతుందని, మాత్రలతో పనే ఉండదని ఒక ప్రైవేటు క్లినిక్ వారు చెప్పి, మొత్తం ప్యాకేజీ సొమ్ము ముందుగానే కట్టమంటున్నారు. అది కరెంటు షాకేనని మా అమ్మ భయపడుతోంది. తెలిసినవారు చెప్పగలరు.

మనోవైద్యుడు:
అమ్మగారికి ధైర్యం చెప్పండి, ఇది షాక్ చికిత్స కాదు. షాక్ చికిత్సలో మత్తు ఇచ్చి, కావాలనే మెదడులో ఫిట్ తెప్పిస్తారు. టీఎంఎస్‌లో మనిషి మెలకువగా కుర్చీలో కూర్చునే ఉంటాడు, తలకు ఆనించిన కాయిల్ నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రం పుర్రెను దాటి, నిగ్రహానికి ఆధారమైన నుదుటి వెనుక భాగంలో స్వల్పంగా విద్యుత్తును పుట్టిస్తుంది.

నాకు భయం కలిగిస్తున్నది ఆ టీ గ్లాసు, అంటే మందు పడకపోతే వచ్చే ఆ చేతుల వణుకు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. టీఎంఎస్ వల్ల కూడా, చాలా అరుదుగానే అయినా, ఫిట్స్ వస్తాయి కాబట్టి ఆ రెండు ప్రమాదాలను ఒకచోట కలపకూడదు. ముందు ఆసుపత్రిలో చేర్చి, లోరాజెపామ్ వంటి మందులతో వణుకు తగ్గించి, థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, కాలేయ పరీక్షలు చూసుకొని నాల్‌ట్రెక్సోన్ లేదా అకాంప్రోసేట్ అనే, మళ్లీ తాగకుండా తోడ్పడే మాత్రల సంగతి ఆలోచించాలి. టీఎంఎస్ ఆ తర్వాతి మాట. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో ఇంప్లాంటు, గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి.

పరిశోధక విద్యార్థి:
ఆధారాలు ఉన్నాయి, కానీ క్లినిక్ వారు చెప్పినంత లేవు. రాంచీలోని కేంద్రీయ మనశ్చికిత్సా సంస్థలో 45 మందిపై జరిగి 2010లో ప్రచురితమైన అధ్యయనంలో, మెదడు కుడి ముందు భాగంపై నిజమైన టీఎంఎస్ పొందినవారికి, ఉత్తుత్తి చికిత్స పొందినవారికంటే యావ ఎక్కువగా తగ్గింది. స్వీడన్‌లో ఇన్సులా అనే లోపలి భాగంపై ప్రయత్నించి 2020లో ప్రచురించిన ఫలితాల్లో అసలుకూ ఉత్తుత్తికీ తేడా కనబడలేదు. 2022లో వచ్చిన మరో అధ్యయనంలో ముందు భాగపు మధ్య ప్రాంతాన్ని ఎంచుకుంటే అతిగా తాగే రోజులు తగ్గాయి. అంటే ఎక్కడ ఆనించాలన్నదే ఇంకా తేలలేదు. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతి ఇచ్చే ఎఫ్‌డీఏ టీఎంఎస్‌ను 2008లో డిప్రెషన్‌కు, 2020లో పొగ మాన్పించడానికి అనుమతించింది. మద్యానికి ఇంతవరకు అనుమతి లేదు. మెదడులోనే ఎలక్ట్రోడ్లు అమర్చే శస్త్రచికిత్సను జర్మనీ, కెనడాల్లో కొద్దిమందిపై పరీక్షించారు, అది ఇంకా పరిశోధన స్థాయిలోనే ఉంది.

కృష్ణవేణి:
మావారికి ఈ చికిత్స చేయించాం. మొదటి రోజు, చేతి బొటనవేలు దానంతట అదే కదిలే దాకా కాయిల్‌ను తలపై అటూ ఇటూ జరిపి, ఎంత మోతాదు ఇవ్వాలో అలా నిర్ణయించారు. ఆ తర్వాత వడ్రంగిపిట్ట పొడుస్తున్నట్టు టకటకమనే శబ్దం, నుదుటిపై కాస్త నొప్పి, అంతే. యావ తగ్గిందని ఆయనే అన్నారు, అయితే అప్పుడు మాత్రలు కూడా వేసుకుంటున్నారు, కౌన్సెలింగ్‌కూ వెళ్తున్నారు, కాబట్టి దేని వల్ల తగ్గిందో నేను చెప్పలేను. మాత్రలు అక్కర్లేదని మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

గోదావరి గట్టు:
అందరికీ ధన్యవాదాలు. డబ్బు ఇంకా కట్టలేదు, కట్టను కూడా. తెలియకుండా అన్నంలో కలిపి పెట్టే మందు ఇవ్వమని బంధువులు అంటున్నారు, అదైనా మంచిదేనా?

మనోవైద్యుడు:
వద్దు. అలా కలిపేది చాలాసార్లు, మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ అయి ఉంటుంది. అది కడుపులో ఉండగా, తెలియక తాగితే రక్తపోటు పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. రోగి ఒప్పుకొని వేసుకోవలసిన మందు అది. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగానికి వెళ్లండి, దారి తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అక్కడికి చేరేదాకా, వణుకు చూసి మీరే ఇంట్లో ఒక్కసారిగా మాన్పించవద్దు.