అమ్మకి వీడియోలో డాక్టర్: మీ ఇళ్లల్లో నమ్మకం కుదిరిందా?

మారతహళ్లి_సీమోడు

మాది అనంతపురం. నాన్న పోయాక అమ్మను ఇక్కడికి, బెంగళూరికి తెచ్చుకుని ఏడాదిన్నర. వయసు 63, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. మొదట మా వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్లా. ఆ డాక్టర్ మంచాయనే, కానీ తెలుగు రాదు. అమ్మేమో "కాళ్లు జివజివలాడతాండాయి, చీమలు పాకినట్టుండాది" అని చెప్తుంది. నేను దాన్ని ఇంగ్లిష్‌లో ఒక్క ముక్కలో తేల్చేస్తా. బయటికొచ్చాక "నేను అంతసేపు చెప్తే నువ్వు ఒక్క మాటే చెప్తివేమి రా" అని కోపం.

అందుకే మా ఊళ్లో పదిహేనేళ్లుగా అమ్మను చూస్తున్న డాక్టర్ గారినే పట్టుకున్నా. నెలకో ఆదివారం పొద్దున వీడియో కాల్, ఫీజు 300 ఫోన్‌పేలో. అమ్మ ముందే తల దువ్వుకుని ఇస్త్రీ చీర కట్టుకుని సోఫాలో కూర్చుంటుంది (ఓసారి పౌడర్ కూడా రాసుకుంది, నేను చూడనట్టు ఊరుకున్నా). పక్కన ఫోన్ పట్టుకుని నేను. ఆయన "ఎట్లుండావమ్మా" అంటారు, ఈమె "బాగుండాను సార్" అంటుంది. మిగతావన్నీ నేనే చెప్తా. మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఫోన్ పెట్టేశాక మాత్రం "చెయ్యి పట్టి చూడకుండా ఏం డాక్టరు నాయనా" అని సాయంత్రం దాకా సణుగుడు.

పోయిన నెల హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చూపే టెస్టు) 9.1 వచ్చింది. అంతకు ముందు 7.4. మాత్రలు నేనే డబ్బాలో సర్ది పెడతా, వేసుకుంటోంది. రాత్రి నాలుగైదు సార్లు లేస్తోంది, అడిగితే "నిద్ర పట్టల్యా" అంటుంది. పోనీ ఊరికి తీసుకెళ్లి చూపిద్దామంటే బస్సెక్కనంటోంది. ఒకప్పుడు అనంతపురం బస్సంటే ముందు తనే ఎక్కి కిటికీ సీటు పట్టేది.

ఇంకోటి, ఆయన వాట్సాప్‌లో మందు పేరు టైప్ చేసి పంపితే మెడికల్ షాపువాడు ఇవ్వనన్నాడు. ఈ వీడియో వ్యవహారం మానేయమంటారా?

డాక్టరమ్మ_కేఆర్‌పురం

చివరిదానికి ముందు జవాబిస్తా. షాపువాడిది తప్పు కాదు. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న చీటీ పంపాలి. కాగితం మీద రాసి ఫోటో తీసి వాట్సాప్ చేసినా చాలు. ఊరికే మందు పేరు టైప్ చేస్తే అది చీటీ కాదు. మీ డాక్టర్ గారితో మొహమాటం లేకుండా చెప్పండి. ఆ మార్గదర్శకాల్లోనే ఇంకోటుంది, నేరుగా చూసిన ఆరు నెలల లోపు అదే జబ్బుకి మాట్లాడితేనే దాన్ని ఫాలోఅప్ అంటారు. ఆయన మీ అమ్మగారిని నేరుగా చూసి ఏడాదిన్నర. అంటే ఇది ఫాలోఅప్ కిందికి రాదు, ఒకసారి నేరుగా చూపించడమే మంచిది.

ఇక మా బాధ. పేషెంటు తలుపు తీసుకుని కుర్చీ దాకా నడిచి వచ్చేలోపే మాకు సగం తెలిసిపోతుంది. చెప్పు ఈడుస్తున్నారా, ఆయాసపడుతున్నారా, గోడ పట్టుకున్నారా అని చూస్తాం. వీడియోలో అదంతా పోయింది, మొహం ఒక్కటే మిగిలింది. కాలి వాపు మీద బొటనవేలితో నొక్కితే గుంట పడిందా లేదా అన్నది ఫోన్‌లో ఎట్లా తెలుస్తుంది? రక్తం తక్కువుందేమో చూడమని కింది కనురెప్ప లాగి చూపిస్తారు, ట్యూబులైటు వెలుగులో అందరివీ పాలిపోయినట్టే ఉంటాయి. రాత్రి పదకొండుకి రిపోర్టు ఫోటో వస్తుంది, సరిగ్గా నంబర్లున్న చోటే ఫ్లాష్ పడి ఉంటుంది. నాకూ చిరాకే. కానీ మోకాళ్ల నొప్పులతో రెండంతస్తులు దిగలేని వాళ్లు నెల నెలా బీపీ రీడింగులు చదివి వినిపిస్తుంటే వద్దనలేను.

మీ విషయంలో నాకొకటి అనిపిస్తోంది. తప్పుగా అనుకోకండి. క్లినిక్‌లో నేను "బాబూ, కాస్త బయట కూర్చోండి" అంటాను. ఫోన్ పట్టుకున్న కొడుకుని ఎక్కడికి పంపను? షుగరు పెరిగితే మూత్రం ఎక్కువవుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే షుగరు ఇంకా పెరుగుతుంది. రాత్రి లేవడం, బస్సంటే భయం, రెండూ కలిపి చూడండి. కొడుకు ముందు మన తరం ఆడవాళ్లు ఇది చెప్పరు. వచ్చేసారి ఫోన్ నిలబెట్టి మీరు బయటికెళ్లండి. డాక్టర్ గారికి ముందే ఒక మెసేజ్ పెట్టండి. ఆదివారం దాకా ఆగక్కర్లేదు. జ్వరం, చలి, నడుం పక్కన నొప్పి ఉంటే మాత్రం వీడియో కాదు, వెంటనే ఆసుపత్రికి.

అరగొండ_అబ్బాయి

వీడియో వైద్యాన్ని మా ఊరి వాళ్ల ముందు తిట్టకండి బ్రో 😀 చిత్తూరు జిల్లా అరగొండ మాది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ మన దేశానికొచ్చినప్పుడు మా ఊరి టెలీమెడిసిన్‌ని ప్రారంభించారు. మా ఆసుపత్రి నుంచి ఎక్స్‌రే, ఈసీజీ చెన్నై అపోలోకి పోయేవి. కాకపోతే అక్కడ పేషెంటు పక్కన ఆసుపత్రి మనుషులు ఉండేవాళ్లు. ఇక్కడ మన అమ్మల పక్కన మనం ఉన్నాం, మనకేమో బీపీ మిషన్ పట్టీ కట్టడం కూడా సరిగ్గా రాదు.

బీటీఎం_పీజీ_పిల్ల

నాది ఉల్టా కేసు. పోయినేడు ఉద్యోగం పోయినప్పుడు 14416కి, అదే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి తెలుగు ఎంచుకున్నా. అవతలావిడకి నా మొహం కనపడకపోవడమే మేలైంది. అరగంట ఏడ్చా. మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి మా పీజీకి దగ్గరే, అయినా ఆ గేటు దాటి లోపలికి వెళ్లే ధైర్యం అప్పుడు లేదు.

మారతహళ్లి_సీమోడు

డాక్టరమ్మ గారూ, మీ రిప్లై చదివిన సాయంత్రమే కాల్ పెట్టించా. ఫోన్‌ని నీళ్ల చెంబుకి ఆనించి "మాట్లాడుమా, కొత్తిమీర తెస్తా" అని కిందికి దిగా. వచ్చేసరికి ఇంకా మాట్లాడుతూనే ఉంది, తలుపు బయటే నిలబడ్డా. లోపల నవ్వు కూడా వినపడింది. మొత్తం 19 నిమిషాలు.

తర్వాత సంతకంతో, నంబరుతో చీటీ వచ్చింది. యూరిన్ కల్చర్ (మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే టెస్టు), ఇంకో రెండు టెస్టులు రాశారు, వచ్చే నెల అమ్మను తీసుకుని రమ్మన్నారు. ఏం చెప్పావని నేనడగలేదు.

రాత్రి అన్నం పెడుతూ తనే అంది, "ఊరికి రైల్లో పోదాం రా. రైల్లో అయితే బాత్రూం ఉంటాది." టికెట్లు చేసేశా.