5 కిలోమీటర్లు నడిచినా, పరిగెత్తినా కేలరీలు ఒకటేనా? (మామయ్యతో 500 పందెం)

పొద్దున్నే_పరుగు:
ముందు పందెం సంగతి చెప్పేస్తా. మా మామయ్య రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. రోజూ తెల్లారి 5 కి.మీ. నడుస్తారు, సరిగ్గా గంట. అదే రోడ్డు మీద అదే 5 కి.మీ. నేను అరగంటలో పరిగెడతా. ఇద్దరం అటూ ఇటూగా 70 కిలోలు. మొన్న టిఫిన్ దగ్గర, "ఎందుకురా ఆ ఆయాసం? పని అంటే బలం ఇంటూ దూరం. బరువు ఒకటే, దూరం ఒకటే, కాబట్టి ఖర్చూ ఒకటే" అన్నారు. నా వాచ్ 390 చూపిస్తుంది, ఆయనది 250. వాచీలవన్నీ దొంగ లెక్కలంటారు. ఖర్చు ఒకటేనని ఆయన, కాదని నేను, 500 పందెం. తేల్చండి.

నడకే_మేలు:
మామయ్యగారిదే రైటు. కిలో బరువుకి, కిలోమీటరుకి ఒక కేలరీ. ఇది ఎప్పటినుంచో ఉన్న లెక్క. 70 ఇంటూ 5, 350. వేగంతో పనిలేదు. 500 ఇచ్చేయండి.

కాలిబాట:
లెక్క నిజమేనండీ, కానీ అది పరుగు లెక్క. ఇటలీలో మార్గారియా బృందం 1963లో కొలిచి చెప్పింది అదే: మెల్లగా పరిగెత్తినా గట్టిగా పరిగెత్తినా కిలోమీటరు ఖర్చు దాదాపు మారదు. నడకకి దాన్ని అంటగడితే ఎలా? గంటకి 4, 5 కి.మీ. వేగంతో నడిస్తే అందులో సుమారు సగమే. అంటే మామయ్యగారికి 175, మీకు 350.

మరి వాచీ 250 ఎందుకంది? ఊరికే కూర్చున్నా 70 కిలోల మనిషికి గంటకి 70 కేలరీలు పోతాయి. వాచీ దాన్నీ కలిపేస్తుంది. 175కి 70 కలిపితే 245. మీ అరగంటకి 350, 35 కలిపితే 385. వాచీలు ఈసారి దొంగతనం చెయ్యలేదు!

ఇక బలం ఇంటూ దూరం. మాస్టారికి నమస్కారం పెట్టి అడుగుతున్నా: చదునైన రోడ్డు మీద 5 కి.మీ. వెళ్లాక మీ ఒళ్లు బయల్దేరిన ఎత్తులోనే ఉంది. గురుత్వానికి ఎదురుగా చేసిన నికర పని సున్నా. నిండు బిందెని చెయ్యి చాపి పట్టుకుని కదలకుండా నిలబడండి, మీ సూత్రం ప్రకారం అదీ సున్నాయే. రెండు నిమిషాల్లో చెయ్యి వణుకుతుంది. కండరం బిగిసి ఉండడానికే ఖర్చు అడుగుతుంది.

నడకకి ఆ ఖర్చు తక్కువ, ఎందుకంటే కాలు తిరగేసిన లోలకం. ప్రహరీ గోడ అవతల వెళ్లే మనిషి తల గమనించండి. నడుస్తున్నప్పుడు, కాలు నిటారుగా ఒంటి కిందకి వచ్చిన క్షణంలో తల అన్నిటికంటే పైన ఉంటుంది. అక్కడినుంచి ముందుకి జారుతుంటే ఎత్తు వేగంగా మారుతుంది, మళ్లీ వేగం ఎత్తుగా మారుతుంది. ఇలా మూడింట రెండొంతుల దాకా శక్తి చేతులు మారుతూ దక్కుతుంది. పరుగులో సరిగ్గా తలకిందులు. అదే క్షణంలో మోకాలు వంగి తల అన్నిటికంటే కింద ఉంటుంది. లోలకం పనికిరాదు, స్ప్రింగు కావాలి.

పొద్దున్నే_పరుగు:
స్ప్రింగు ఉంటే నాకు తక్కువ ఖర్చవ్వాలి కదా?

కాలిబాట:
స్ప్రింగు లేకపోతే ఇంకా ఎక్కువయ్యేది. మడమ వెనక తాడులా తగిలేది ఉంది చూశారా, పిక్క కండరాన్ని మడమ ఎముకకి కట్టే అకిలిస్ టెండన్. 1987లో లెక్కగట్టారు: మీ అంత బరువు మనిషి ఓ మోస్తరు వేగంతో పరిగెడితే ఒక్కో అడుగులో సుమారు 100 జౌల్స్ శక్తి పోయి వస్తుంటుంది. అందులో 35 ఈ టెండన్, 17 పాదం వంపు దాచి తిరిగి ఇస్తాయి. మిగతాది కండరాలే పెట్టుకోవాలి. పైగా పరుగులో కాలు నేల మీద ఆనేది కాసేపే. ఆ కాసేపట్లోనే ఒళ్లంతటినీ పైకి తన్నాలి.

గోదారి_గట్టు:
బిందె అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా అమ్మమ్మ నెత్తి మీద ఒకటి, చంకలో ఒకటి పెట్టుకుని ఏటిగట్టు ఎక్కేది, ఆయాసం ఎరగదు. నేను ల్యాప్‌టాప్ బ్యాగుతో మెట్రో మెట్లెక్కితే రొప్పుతున్నా. లోలకంలో తేడానా?

కాలిబాట:
మెట్లకి లోలకం ఏమీ చెయ్యలేదండీ, అక్కడ నిజంగానే పైకి ఎక్కుతున్నారు. చదును నేల మీద మాత్రం మీ ఊహ నిజం. కెన్యాలో లువో, కికుయు తెగల ఆడవాళ్లని 1986లో కొలిచారు. ఒంటి బరువులో అయిదో వంతు దాకా నెత్తిన మోసినా అదనపు ఖర్చు లేదు. 60 కిలోల మనిషికి 12 కిలోలు ఉచితం! 1995లో కారణం దొరికింది. బరువు పడ్డాక వాళ్ల నడకలో ఎత్తు, వేగాల మార్పిడి ఇంకా మెరుగవుతుంది. అది చిన్నప్పటినుంచి మోసిన ఒంటికి పట్టుబడేది.

కరీంనగర్_అన్న:
గివన్నీ మంచిగనే ఉన్నయ్ గనీ మోకాళ్ల ముచ్చట ఎవ్వలు తియ్యరేంది? మా డాక్టర్ సాబ్ ఉరుకొద్దన్నడు. ఉరికితే మోకాళ్లు అరుగుతయట. కేలరీలు మిగిలి ఏం జేసుకుంట?

నడకే_మేలు:
అదీ మాట! అడుగడుక్కీ ఒంటి బరువుకి ఎన్నో రెట్లు మోకాలి మీద పడుతుంది.

కాలిబాట:
అడుగుకి చూస్తే నిజమే, పరుగులో చాలా ఎక్కువ. కానీ అన్నా, కిలోమీటరుకి చూడు. పరుగులో అంగ పెద్దది, అడుగులు తక్కువ, ఒక్కో అడుగులో కాలు ఆనే సమయమూ తక్కువ. 2014లో ఇలా దూరం లెక్కన కూడితే మోకాలి మీద మొత్తం భారం నడకకీ పరుగుకీ దాదాపు సమానమని తేలింది. మామయ్యగారి "దూరం ఒకటే, ఖర్చొకటే" సూత్రం కేలరీల దగ్గర తప్పింది గానీ మోకాలి దగ్గర నెగ్గింది. ఇది బాగున్న మోకాలి మాట. నీకు ఇప్పటికే నొప్పి ఉంటే డాక్టర్ మాటే విను.

కరీంనగర్_అన్న:
ఉన్నది. అందుకే అడిగిన.

అనుమానం_పక్షి:
ట్రెడ్‌మిల్ వేగం పెంచుతూ పోతే గంటకి 7 కి.మీ. దాటాక నాకు తెలియకుండానే పరుగు మొదలవుతుంది. మెదడు లోపల ఎవరైనా కేలరీలు లెక్కపెడుతున్నారా?

కాలిబాట:
7.5, 8 దాటితే నడకే పరుగు కంటే ఖరీదు. కాబట్టి అది ఖర్చు తగ్గించుకోవడమే. 2015లో కెనడాలో జనం మోకాళ్లకి యంత్రాలు కట్టి, వాళ్లకి అలవాటైన అడుగుల లయకి ఖర్చు ఎక్కువయ్యేలా చేశారు. నిమిషాల్లోనే అంతా కొత్త లయకి మారిపోయారు, ఆదా 5 శాతం కూడా లేకపోయినా.

జిమ్_కోచ్:
ఒప్పుకోను. జనం ఆ ఖర్చు గీత దాటకముందే, కొంచెం తక్కువ వేగంలోనే పరుగులోకి దిగుతారు. ఖర్చే కారణమైతే ఆ తొందరెందుకు? 7.2లో రెండు నిమిషాలు పట్టుబట్టి నడవండి. మోకాలి కింద, ఎముక పక్కన ముందువైపు కండరం మండిపోతుంది. పాదాన్ని పైకి లాగి పట్టేది అదే. ముందు అది చేతులెత్తేస్తుంది.

అనుమానం_పక్షి:
మరి 20 కి.మీ. నడక పోటీవాళ్లు? జపాన్ సుజుకి 2015లో 1 గంట 16 నిమిషాల 36 సెకన్లలో నడిచాడు. గంటకి 15 కి.మీ. పైమాటే!

జిమ్_కోచ్:
వాళ్లకి పరిగెడితే ఎర్ర కార్డు. ఒళ్లు పరిగెత్తమంటున్నా రూలు కోసం ఆపుకుంటున్నారు. అది నా వైపు సాక్ష్యం.

కాలిబాట:
మండే కండరం కబురు కూడా మెదడుకే వెళ్తుంది కదండీ, రెండూ కారణాలే అయ్యుండొచ్చు. అసలు మెదడు పై భాగానికి ఇందులో పెద్ద పని లేదు. 1966లో మాస్కోలో, పై మెదడుతో సంబంధం తెంపిన పిల్లిని ట్రెడ్‌మిల్ మీద నిలబెట్టి మెదడు కాండంలో ఒక చోట కరెంటు ఇచ్చారు. నడిచింది. కరెంటు పెంచితే పరిగెత్తింది, ఇంకా పెంచితే దౌడు తీసింది. ఏ కాలు ఎప్పుడు వెయ్యాలన్న లయ వెన్నుపాములోనే ఉంటుంది, పైనుంచి వచ్చేది "ఎంత" అన్న మాటే.

పొద్దున్నే_పరుగు:
అప్‌డేట్. ఇదంతా మామయ్యకి చదివి వినిపించా. బిందె దగ్గర కాసేపు మౌనం. తర్వాత, "అయితే నేను 8లో నడిస్తే నీతో సమానమేగా, పందెం డ్రా" అన్నారు. అపార్ట్‌మెంట్ జిమ్‌కి తీసుకెళ్లా. 6లో బానే ఉన్నారు. 7లో మాట ఆగిపోయింది, చేతులు గట్టిగా ఊగుతున్నాయి. 7.5కి పెంచాను. "నడకేరా, ఇది నడకే" అంటూనే రెండో నిమిషానికి పరుగులో ఉన్నారు. ఆపాక వీడియో చూపించాల్సి వచ్చింది.

500 ఇంకా రాలేదు. వీడియోలో కాళ్లు సరిగ్గా కనిపించట్లేదంటున్నారు.