అప్‌డేట్: హైదరాబాద్–దుబాయ్ టికెట్‌లో వెళ్ళేటప్పుడు 2 గంటల 25 నిమిషాలు, వచ్చేటప్పుడు 5 గంటలు ఎందుకు?

అమ్మ నిన్న క్షేమంగా తిరిగొచ్చింది. అమ్మ టికెట్ గురించి ఇంతకుముందు నేను ఇక్కడ అడిగిన ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన అందరికీ థాంక్స్.

నా టెన్షన్ గుర్తుందా? వెళ్ళే టికెట్‌లో ఉదయం 10:00కి బయలుదేరి 12:25కి దిగడం, తిరుగు టికెట్‌లో రాత్రి 9:50కి ఎక్కి తెల్లవారుజామున 2:50కి దిగడం. మధ్యలో ఎక్కడో ఆపుతారని భయపడ్డాను. ఎక్కడా ఆపలేదు. ‘టికెట్‌లో ఏ ఊరి టైం ఆ ఊరిదే, దుబాయ్ మనకంటే గంటన్నర వెనక’ అన్న జవాబే కరెక్ట్. లెక్క సరిచేస్తే వెళ్ళడానికి 3 గంటల 55 నిమిషాలు, రావడానికి 3 గంటల 30 నిమిషాలు.

మిగిలిన 25 నిమిషాల తేడా గాలిదట. పైన గాలులు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తాయి కాబట్టి మన వైపు వచ్చే విమానానికి తోడవుతాయి.

దూరం నేరుగా సుమారు 2,550 కిలోమీటర్లు. దాన్ని వేగంతో భాగించి 3 గంటలే అనుకున్నాను, అది పనికిరాలేదు. టికెట్ టైంలో విమానాన్ని రన్‌వే దాకా నడిపే సమయం, అది పైకి లేవడం, కిందికి దిగడం కూడా కలిసే ఉంటాయి.

అమ్మ షుగర్ మాత్రలకు మాత్రం డాక్టర్‌ని ముందే అడిగి, చేతి గడియారం మన టైంలోనే ఉంచాం. చాలా మేలైంది.