అప్‌డేట్: మా కరణం రాజీనామా చేసేశాడు

పోయిన వారం అడిగా కదా, నేను రాస్తున్న 1921 నాటి నవలికలో పెదనందిపాడు వైపు కరణం (ఊరి భూముల లెక్కలు రాసే ఉద్యోగి), శిస్తు వసూలు చేయాలా, నూలు వడికే పిల్ల వెంట పోవాలా అని. చాలామంది ప్రేమే గెలవాలన్నారు, నాకెందుకో నచ్చలా. గుంటూరులో మా తాతయ్యని కదిలిస్తే "అప్పుడు పన్నులు కట్టొద్దని కరణాలు, మునసబులే రాజీనామాలిచ్చార్రా, మా నాన్న చెప్పేవాడు" అన్నాడు, ఇంకేముంది కథ అడ్డం తిరిగింది, ఆ పిల్ల అడక్కముందే వీడు రాజీనామా కాగితం ఇచ్చేస్తాడు, ఆమెకేమో అది తన కోసమా ఊరి కోసమా అని డౌటు, ఆ డౌటు మీదే మూడు చాప్టర్లు లాగించా. 1922లో ఆ పన్నుల నిరాకరణ ఉద్యమం ఆగిపోయాక వీడికి ఉద్యోగం లేదు, పిల్ల ఇంకా అలిగే ఉంది.

అన్నట్టు బెజవాడలో వాళ్ళని ప్రకాశం బ్యారేజీ మీద కలిపా, అది 1957ది కదయ్యా అని ఒకాయన చీవాట్లు పెట్టారు. పాత ఆనకట్ట దగ్గరికి మార్చేశా.